ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంటోంది, పేలడం లేదు (308 బోల్ట్ రైఫిల్)

నల్లబోల్టు
308 బోల్ట్ రైఫిల్‌తో తల పట్టుకుని కూర్చున్నాను. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంటుంది, అంతే. అన్నిసార్లూ కాదు. బాగానే పేలుతూ పేలుతూ ఉన్నట్టుండి ఒకటి మొరాయిస్తుంది. తీసి చూస్తే ప్రైమర్ (తూటా అడుగున ఉండే, దెబ్బకి నిప్పు పుట్టించే చిన్న కప్పు) మీద సొట్ట ఉంటుంది, కానీ పైపైన తగిలినట్టు. అదే తూటా మళ్లీ పెడితే కొన్ని పేలతాయి, కొన్ని రెండోసారి కూడా పేలవు. ఒక రకం ఫ్యాక్టరీ తూటాలతో ఈ గొడవ దాదాపు లేదు. మిలిటరీ రకం తూటాలతో, నేను రీలోడ్ చేసుకున్న (కాల్చిన గుల్లల్లో మళ్లీ ప్రైమర్, మందు, గుండు పెట్టుకున్న) వాటితో ఎక్కువ. బోల్ట్ (తూటా వెనక మూసి తాళం పడే కడ్డీ) పైన తుడిచాను, చాంబర్‌లో (తూటా కూర్చునే గూడు) బ్రష్ కొట్టాను. మార్పేమీ లేదు. పోటీ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ని కొట్టే సూది) స్ప్రింగ్ కొత్తది వేసేయమంటారా, ఇంకేమైనా చూడాలా?

అదిస్ప్రింగే
స్ప్రింగే. మార్చెయ్యండి. తర్వాతి ప్రశ్న.

రేంజ్‌పెద్ద
స్ప్రింగ్ సంగతి తర్వాత. టక్కుమన్నాక ఎంతసేపటికి బోల్ట్ తెరుస్తున్నారో రాయలేదు మీరు. ప్రైమర్ సగం సగం అంటుకుని, మందు ఆలస్యంగా రాజుకునే సందర్భాలుంటాయి. హ్యాంగ్‌ఫైర్ అనేది అదే. బోల్ట్ లగ్‌లు (బోల్ట్‌ని తాళం వేసి పట్టే పళ్లు) విడిపోయిన క్షణంలో మందు అంటుకుంటే ఆ ఒత్తిడి మీ మొహం మీదికే వస్తుంది. గొట్టం లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. కొన్ని రేంజ్‌ల్లో నిమిషం ఆగమంటారు, అదీ మంచిదే. తెరిచేటప్పుడు మొహం బోల్ట్ వెనక ఉండకూడదు.

ఇంకోటి. టక్ కాకుండా టుప్‌మని నీరసంగా శబ్దం వచ్చి, భుజానికి తన్ను సరిగా తగలకపోతే అది వేరే కథ. గుండు బారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. బోల్ట్ బయటికి తీసి, బారెల్‌లోంచి అవతలి వెలుతురు కనిపించేదాకా ఇంకో తూటా పెట్టకూడదు.

నల్లబోల్టు
@రేంజ్‌పెద్ద ఆగుతున్నాను, మా రేంజ్ ఆఫీసర్ ఊరుకోడు. నీరసం శబ్దాలేమీ లేవు. ఉట్టి టక్కే.

మందుకొలత
"రెండోసారి కొడితే పేలుతున్నాయి" అన్నారు చూడండి, అసలు ఆధారం అక్కడుంది. ప్రైమర్ దాని గుంతలో అడుగుదాకా దిగకపోతే మొదటి దెబ్బ దాన్ని కిందికి నెట్టడానికే సరిపోతుంది. రెండో దెబ్బకి అది గట్టిగా కూర్చుని ఉంటుంది కాబట్టి పేలుతుంది. రీలోడ్ చేసిన తూటాల్లో నేను ముందు అనుమానించేది దీన్నే.

పరీక్ష తేలిక. తూటాని చదునైన గాజు మీద నిలబెట్టండి. ఊగిందంటే ప్రైమర్ పైకి పొడుచుకొచ్చినట్టే. అసలైతే ప్రైమర్ కేసింగ్ (తూటా ఇత్తడి గుల్ల) అడుగు కన్నా 0.003 నుంచి 0.005 అంగుళాలు లోపలికి ఉండాలి. గోరుతో తడిమినా లోతు తెలుస్తుంది.

అదిస్ప్రింగే
@మందుకొలత మరి ఫ్యాక్టరీ మిలిటరీ తూటాలు కూడా పేలడం లేదంటున్నాడు కదా. ఆ ప్రైమర్లు కూడా ఈయనే కొట్టాడా?

మందుకొలత
అది నిజమే, ఒప్పుకుంటా. కానీ రెండు జబ్బులు ఒకేసారి ఉండకూడదని రూలేం లేదు.

మౌజర్‌మామ
మిలిటరీ తూటాల ప్రైమర్లు గట్టివి. కావాలనే అలా చేస్తారు. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు చాలావాటిలో ఫైరింగ్ పిన్‌కి స్ప్రింగ్ ఉండదు, బోల్ట్ వేగంగా మూసుకున్నప్పుడు పిన్ దానంతట అదే ముందుకు జరిగి ప్రైమర్‌ని తాకుతుంది. మెత్తటి ప్రైమరైతే ట్రిగ్గర్ ముట్టుకోకుండానే పేలిపోతుంది. అందుకే గట్టి కప్పు. రీలోడర్లకి సీసీఐ 34 అని అమ్మేది ఆ రకమే. నల్లబోల్టు గారు, మీరు వాడేది ఏది?

నల్లబోల్టు
అవే. 34.

మౌజర్‌మామ
అనుకున్నా. అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఆరోగ్యంగా ఉన్న బోల్ట్ రైఫిల్ ఆ గట్టి ప్రైమర్లని కూడా నిస్సందేహంగా పేల్చాలి. మెత్తవి పేలి గట్టివి పేలడం లేదంటే తప్పు ప్రైమర్‌ది కాదు. మీ రైఫిల్ దెబ్బ బొటాబొటిగా ఉంది, గట్టి ప్రైమర్ ఆ సంగతి బయటపెడుతోంది.

అదిస్ప్రింగే
అంటే స్ప్రింగే కదా మామా.

మౌజర్‌మామ
దెబ్బ బలహీనపడటానికి స్ప్రింగ్ ఒక్కటే కారణమా అల్లుడూ? పిన్ దారిలో అడ్డు ఉండొచ్చు, పిన్ పొట్టిదై ఉండొచ్చు, కొట్టాల్సిన ప్రైమర్ వెనక్కి తగ్గిపోతూ ఉండొచ్చు.

సొట్ట గురించి కూడా ఒక మాట. పేలని తూటా సొట్టని పేలిన కేసింగ్ సొట్ట పక్కన పెట్టి "ఇది లోతు తక్కువ" అని తేల్చేయకండి. పేలినప్పుడు లోపలి ఒత్తిడికి ప్రైమర్ లోహం వెనక్కి ఒత్తుకుని పిన్ మొన చుట్టూ అచ్చులా సర్దుకుంటుంది. అందుకే అక్కడ సొట్ట స్పష్టంగా కనిపిస్తుంది. పేలనిదానిలో అది జరగదు. పోలిస్తే పేలనివాటిని పేలనివాటితోనే పోల్చాలి. ఖాళీ కేసింగ్‌లో ప్రైమర్ మాత్రం పెట్టి, మందు లేకుండా, గుండు లేకుండా, రేంజ్‌లోనే కొట్టి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. అప్పుడు కూడా గొట్టం లక్ష్యం వైపే, కళ్లద్దాలు, చెవి మూతలు ఉండాల్సిందే.

పాయింట్ఇరవైరెండు
నాది సెంటర్‌ఫైర్ (ప్రైమర్ తూటా అడుగు మధ్యలో ఉండే రకం) కాదు గానీ చెప్తా. నా 22లో కూడా ఇలాగే ఉండేది. 22లో ప్రైమర్ మందు తూటా అడుగు అంచులో ఉంటుంది, అన్ని వైపులా ఒకేలా పరుచుకుని ఉండదు. పేలనిదాన్ని తీసి కొంచెం తిప్పి వేరే చోట దెబ్బ పడేలా పెడితే పేలిపోయేది. అందుకని తూటాలని తిట్టుకున్నా. చివరికి చూస్తే చాంబర్ మూతి దగ్గర మైనం, కార్బన్ పేరుకుని తూటా పూర్తిగా లోపలికి పోవడం లేదు. మొదటి దెబ్బ దాన్ని లోపలికి తోయడానికే అయిపోయేది.

రేంజ్‌పెద్ద
22 వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. తూటా లేకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కే అలవాటుంటే కొన్ని రైఫిళ్లలో పిన్ వెళ్లి చాంబర్ అంచుని కొడుతుంది. అక్కడ లోహం నలిగి గుంట పడుతుంది. తూటా అంచు సరిగ్గా ఆ గుంట మీద పడినప్పుడు దానికి వెనక ఆసరా ఉండదు, పేలదు. డమ్మీ తూటా పెట్టుకుని సాధన చెయ్యండి.

మంచుగురి
చలిగా ఉన్నప్పుడు ఎక్కువగా జరుగుతోందా? నేను వేటాడేది గడ్డకట్టే చలిలో. బోల్ట్ లోపల పాత గ్రీజు ఉంటే చలికి జిగురు పట్టేస్తుంది, పిన్ దాంట్లోంచి ఈదుకుంటూ రావాలి. బాగా చలి ఉండే చోట్ల బోల్ట్ లోపల జిడ్డంతా కడిగేసి పొడిగానే వాడతాం, మహా అయితే కాస్త గ్రాఫైట్ పొడి. "బోల్ట్ పైన తుడిచాను" అన్నారు, లోపలి సంగతి? పైన తుడిస్తే లోపల శుభ్రం కాదండీ.

నల్లబోల్టు
చలికీ దీనికీ సంబంధం కనపడలేదు. లోపల విప్పలేదు, నిజమే. ఎలా విప్పాలో చెప్పండి.

మౌజర్‌మామ
రైఫిల్‌ని బట్టి ఉంటుంది. మౌజర్ 98 రకమైతే పని తేలిక: పిన్ ఎక్కించి (స్ప్రింగ్ బిగువు మీద వెనక ఆగేలా చేసి), సేఫ్టీని నిలువుగా మధ్యలో పెట్టి, బోల్ట్ బయటికి తీసి, పక్కనున్న చిన్న గుండీ నొక్కి వెనక భాగాన్ని మర తిప్పితే ఊడి వచ్చేస్తుంది. పనిముట్లు అక్కర్లేదు. రెమింగ్టన్ 700 రకంలో కాకింగ్ పీస్‌ని (పిన్ వెనకున్న ముక్క) వెనక్కి లాగి దాని గాటులో నాణెం ఇరికించి తిప్పుతారు. మీ మోడల్ మాన్యువల్ చూడండి. తూటాలు వేరే గదిలో పెట్టి మరీ విప్పండి. స్ప్రింగ్ బిగువు మీద ఉంటుంది, కంటికి అద్దాలు పెట్టుకోండి.

మోసిన్‌మోజు
జిడ్డు అంటే నా మోసిన్ నగాంట్ (పాత రష్యన్ సైనిక రైఫిల్) చూడాలి మీరు. డిపోల్లో దశాబ్దాలు నిల్వ ఉంచడానికి పూసిన కాస్మోలిన్ గ్రీజు బోల్ట్ లోపల గట్టిపడిపోయి ఉంది. బయట తళతళ, లోపల తారు రోడ్డు. వేడినీళ్లు, సాల్వెంట్‌తో కడిగాక స్ప్రింగ్ అసలు రంగు బయటపడింది.

మోసిన్‌లో ఒక మంచి సంగతి ఏంటంటే దాంతో వచ్చే చిన్న పనిముట్టు మీద 75, 95 అని రెండు గాట్లుంటాయి. పిన్ మొన బోల్ట్ ముఖం నుంచి ఎంత బయటికి రావాలో కొలిచే గాట్లు అవి. 95 గాటుకి తగలకూడదు, 75 గాటుకి తగలాలి. అంటే 0.075 నుంచి 0.095 అంగుళాల మధ్య. పిన్‌ని మర తిప్పి సరిచేసుకోవచ్చు.

అదిస్ప్రింగే
95 అంకె చూసి అందరూ 308లో కొలిచేస్తారు ఇప్పుడు.

మౌజర్‌మామ
ఆ మాట నిజం. మోసిన్ లెక్క మోసిన్‌కే. చాలా సెంటర్‌ఫైర్ బోల్ట్ రైఫిళ్లకి 0.055 నుంచి 0.065 అంగుళాలు ఉంటుంది. లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లకి ఇంకా తక్కువ. కొలవడానికి వెర్నియర్ తోక చాలు. పిన్ వదిలిన స్థితిలో ఉండాలి, బోల్ట్ బయట ఉండాలి. ఎక్కువైతే ప్రైమర్ చిల్లు పడుతుంది, తక్కువైతే మన నల్లబోల్టు గారి పరిస్థితి.

తుప్పుశత్రువు
చిల్లు పడటం గురించి ఎత్తారు కాబట్టి. ప్రైమర్ చిల్లుపడితే మధ్య ముక్క చిన్న బిళ్లలా తెగి, పిన్ రంధ్రంలోంచి బోల్ట్ లోపలికి పోతుంది. మా స్నేహితుడి బోల్ట్ విప్పితే అలాంటి ఇత్తడి బిళ్లలు రాలాయి. పిన్‌కీ దాని గోడకీ మధ్య ఒకటి చిక్కుకుంటే చాలు, ఒకసారి ఆగుతుంది ఒకసారి వదులుతుంది. అప్పుడప్పుడు మాత్రమే మొరాయించే రైఫిల్ ఏదైనా నేను ముందు బోల్ట్ బోర్లించి తడతాను. పిన్ మొన కూడా చూడండి, గుండ్రంగా నున్నగా ఉండాలి. చిల్లుల్లోంచి వచ్చిన గ్యాస్ మొనని కొరికేస్తుంది.

తుప్పు పట్టించే పాత తూటాల సంగతి కూడా. పొటాషియం క్లోరేట్ ఉన్న పాత ప్రైమర్లు పేలాక ఉప్పు మిగులుస్తాయి, అది గాల్లో తేమ లాక్కుని పిన్ రంధ్రాన్ని తుప్పు పట్టిస్తుంది. నూనెకి ఆ ఉప్పు కరగదు, నీళ్లకే కరుగుతుంది. ముందు నీళ్లు, తర్వాత ఆరబెట్టడం, ఆ తర్వాతే నూనె.

అదిస్ప్రింగే
రైఫిల్‌ని నీళ్లతో కడగమంటున్నాడు, ఎవరైనా ఆపండి.

తుప్పుశత్రువు
మీ స్ప్రింగ్‌ని కూడా కడుగుతా, రండి.

నల్లబోల్టు
బోల్ట్ విప్పాను. లోపల కొంచెం నల్ల జిడ్డు ఉంది, కడిగేశా. బిళ్లలు ముక్కలు ఏం లేవు. పిన్ మొన నున్నగా ఉంది. బయటికి వచ్చేది 0.058 అంగుళాలు. మళ్లీ రేంజ్‌కి వెళ్లా. కొంచెం మెరుగైనట్టు అనిపించింది గానీ మిలిటరీ తూటాలు ఇంకా మొరాయిస్తున్నాయి.

అదిస్ప్రింగే
ఇప్పుడైనా ఒప్పుకోండి. రైఫిల్ ఏళ్లకేళ్లు పిన్ ఎక్కించి పెట్టి ఉంటారు, స్ప్రింగ్ చచ్చిపోయి ఉంటుంది.

మందుకొలత
ఎక్కించి పెట్టినంత మాత్రాన స్ప్రింగ్ చావదు. నొక్కి అలాగే ఉంచితే లోహానికి పెద్దగా అలసట రాదు. లక్షణంగా తయారైన స్ప్రింగ్‌ని అరిగించేది మాటిమాటికీ నొక్కి వదలడం, లేదా దాని హద్దు దాటి నొక్కడం.

అదిస్ప్రింగే
పాత స్ప్రింగులు పొట్టిగా అయిపోవడం నేను కళ్లారా చూశా.

మందుకొలత
పాత స్టీలు, సరిగా గట్టిపరచనివి కొంత కుంగుతాయి, కాదనను. అందుకే వాదన కన్నా స్కేలు మేలు. బయటికి తీసి పొడవు కొలవండి, అదే మోడల్ కొత్తదానితో పోల్చండి. ఎవరో ట్రిగ్గర్ తేలికవ్వాలని స్ప్రింగ్ చుట్లు కత్తిరించిన రైఫిళ్లు కూడా నా చేతికి వచ్చాయి. సెకండ్ హ్యాండ్ రైఫిల్ అయితే అది తప్పకుండా చూడాలి.

హెడ్‌స్పేస్‌హరి
అందరూ పిన్ వైపే చూస్తున్నారు. తూటా ముందుకు జరగకుండా ఆసరా లేక వదులుగా ఉంటే ఎంత గట్టి దెబ్బయినా వృథా. 308 లాంటి అంచు బయటికి పొడుచుకురాని తూటా తన భుజం (మెడ దగ్గర సన్నబడే వాలు) మీద ఆగుతుంది. హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ చాంబర్‌లో తూటా ఆగే చోటుకీ మధ్య దూరం) ఎక్కువుంటే పిన్ తగలగానే తూటా మొత్తం ముందుకు జరుగుతుంది, దెబ్బ మెత్తబడిపోతుంది. రెమింగ్టన్ తరహా రైఫిళ్లలో ఎజెక్టర్ (ఖాళీ గుల్లని బయటికి విసిరే ముక్క) స్ప్రింగ్ ఎలాగూ తూటాని ముందుకు తోసి ఉంచుతుంది. మౌజర్ తరహా పెద్ద గోరు ఎక్స్‌ట్రాక్టర్ (గుల్లని బయటికి లాగే కొక్కెం) ఉన్నవాటిలో అది తూటాని వెనక్కి పట్టుకుంటుంది కాబట్టి ఒక్కోసారి ఈ లోపం దాగిపోతుంది.

దీన్ని కొలిచేది గేజ్‌లతో, అంటే తూటా బదులు పెట్టి చూసే లోహపు ముక్కలతో. 308కి గో గేజ్ 1.630 అంగుళాలు, నో గో 1.634, ఫీల్డ్ 1.638. గో మీద మూసుకోవాలి, నో గో మీద మూసుకోకూడదు. ఫీల్డ్ మీద మూసుకుంటే ఆ రైఫిల్ వాడటం ఆపేయాలి.

నల్లబోల్టు
గేజ్‌లు అరువు తెచ్చా. గో మీద మూసుకుంది. నో గో మీద మూసుకోలేదు. కాకపోతే గో మీద కూడా హ్యాండిల్ చివర్లో కాస్త గట్టిగా నొక్కితేనే దిగినట్టు అనిపించింది. అది మామూలేనా?

హెడ్‌స్పేస్‌హరి
గో మీద సాఫీగా దిగిపోవాలి. బోల్ట్‌లోంచి పిన్, ఎజెక్టర్ తీసేసి చూశారా? అవి ఉంటే గేజ్ పట్టు సరిగా తెలియదు.

నల్లబోల్టు
రెండూ తీసేసే చూశా.

పాతపనిమంతుడు
ఆ "కాస్త గట్టిగా" అన్న మాట దగ్గర ఆగండి అందరూ. పిన్, ఎజెక్టర్ లేకుండా కూడా హ్యాండిల్ చివర్లో గట్టిగా ఉందంటే ఎక్కడో రాసుకుంటోంది. ఒక ప్రశ్న. ఈ గొడవ మొదలవకముందు రైఫిల్ మీద ఏం మార్చారు? ఏదైనా సరే. స్కోప్, ట్రిగ్గర్, స్టాక్, స్క్రూలు.

నల్లబోల్టు
స్టాక్ (రైఫిల్ కూర్చునే, భుజానికి ఆనించే భాగం) మార్చాను. పాత చెక్కది తీసేసి, బొటనవేలికి రంధ్రం ఉన్న కొత్తది బిగించాను. అది కాల్పుల కచ్చితత్వానికి కదా, ప్రైమర్‌కీ దానికీ ఏం సంబంధం?

పాతపనిమంతుడు
చాలా సంబంధం ఉంది. బోల్ట్ వెనక అంచున ఏటవాలుగా ఒక గాడి ఉంటుంది. కాకింగ్ పీస్ ముక్కు, అంటే పిన్ వెనకున్న ముక్క, పిన్ వదిలినప్పుడు ఆ గాడి అడుగుదాకా దిగాలి. హ్యాండిల్ పూర్తిగా కిందికి దిగి ఉంటేనే ముక్కుకి ఎదురుగా ఖాళీ దొరుకుతుంది. హ్యాండిల్ కొంచెం పైన ఆగిపోయినా ముక్కు వెళ్లి ఆ ఏటవాలు గోడని కొడుతుంది. ఆ దెబ్బతో బోల్ట్‌ని తిప్పి మూయడానికి ప్రయత్నిస్తుంది. ప్రైమర్‌కి చేరాల్సిన శక్తిలో కొంత అక్కడే పోతుంది. ఇది డిజైన్ లోపం అనుకోకండి. బోల్ట్ పూర్తిగా తాళం పడకుండా తూటా పేలకూడదని పెట్టిన ఏర్పాటు.

ఇప్పుడు మీ సంగతి. కొత్త స్టాక్‌లో హ్యాండిల్ కోసం కోసిన గాడి చాలినంత లోతు లేకపోతే హ్యాండిల్ మొదలు స్టాక్‌కి ఆనుకుని ఆగిపోతుంది. మీ చేతికి అది మూసుకున్నట్టే ఉంటుంది.

చూడ్డానికి రెండు మార్గాలు. ఖాళీ రైఫిల్ (చాంబర్‌లో వేలు పెట్టి, మ్యాగజైన్ తీసి నిర్ధారించుకుని) బల్ల మీద పెట్టి, బోల్ట్ మామూలుగా మూసి, ట్రిగ్గర్ నొక్కుతూ హ్యాండిల్‌నే చూడండి. పిన్ వదిలిన క్షణంలో హ్యాండిల్ చటుక్కున కిందికి కదిలిందంటే పిన్ శక్తి బోల్ట్ తిప్పడానికి ఖర్చవుతోంది. కదలకపోయినా సంబరపడకండి, స్టాక్ అడ్డుంటే కదలడానికి చోటే ఉండదు. రెండోది, హ్యాండిల్ మొదలు కింద రంగు పూసి బోల్ట్ మూయండి. స్టాక్ మీద మచ్చ పడితే ఆనుతున్నట్టే.

మంచుగురి
మరి అప్పుడప్పుడే ఎందుకు జరుగుతోంది? అడ్డుంటే ప్రతిసారీ ఉండాలిగా.

పాతపనిమంతుడు
మంచి ప్రశ్న. ప్రతిసారీ దెబ్బ తగ్గుతూనే ఉంది. మౌజర్‌మామ ముందే చెప్పినట్టు మెత్తటి ప్రైమర్ తగ్గిన దెబ్బకి కూడా పేలిపోతోంది. పైగా ఒకసారి హ్యాండిల్‌ని విసురుగా కొడతాం, ఒకసారి మెల్లగా దింపుతాం. యాక్షన్ (బోల్ట్ ఉండే లోహపు భాగం) స్క్రూలు ఎంత బిగించామన్న దాన్ని బట్టి బోల్ట్ స్టాక్‌లో ఎత్తు తేడా వస్తుంది. కేసింగ్ భుజం కాస్త పొడవుంటే హ్యాండిల్ ఇంకాస్త పైనే నిలబడుతుంది. ఇవన్నీ కలిసి వచ్చిన రోజు టక్కుమంటుంది.

అదిస్ప్రింగే
ఇంత పెద్ద వ్యాసం బదులు కొత్త బలమైన స్ప్రింగ్ వేస్తే ఆ గోడని కూడా తోసుకుని వెళ్తుంది కదా.

పాతపనిమంతుడు
వెళ్తుంది. ఆ గాడి అంచులు కొట్టుకుపోయేదాకా.

నల్లబోల్టు
లిప్‌స్టిక్ పూసి చూశా. స్టాక్ గాడి అడుగున ఎర్రటి మచ్చ పడింది. స్టాక్ విప్పేసి యాక్షన్ ఒక్కదాన్నే చేతిలో పట్టుకుని మూస్తే హ్యాండిల్ ఇంకొంచెం కిందికి దిగుతోంది, కంటికే తెలుస్తోంది. కాకింగ్ పీస్ ముక్కు మీద ఒక పక్క మెరిసే గీత కూడా ఉంది, గోడని గుద్దుకున్న చోట కాబోలు.

మోసిన్‌మోజు
లిప్‌స్టిక్ ఎవరిది, అడిగి తీసుకున్నారా? అది ముఖ్యమైన భద్రతా నియమం.

నల్లబోల్టు
కొత్తది కొనిస్తానని మాటిచ్చాను. స్ప్రింగ్ కన్నా ఖర్చయ్యేలా ఉంది.

పాతపనిమంతుడు
ఆ మచ్చ పడిన చోట మాత్రమే గుండ్రటి కర్రకి గరుకు కాగితం చుట్టి కొంచెం కొంచెంగా తీయండి. మళ్లీ రంగు పూయండి, మళ్లీ చూడండి. రెండు పొరల కార్డు సులువుగా జారేంత సందు చాలు. ఒక్కసారిగా తవ్వేస్తే తిరిగి నింపలేరు. అలాగే స్టాక్ ముందువైపు స్క్రూ పొడవు చూడండి. కొత్త స్టాక్ మందం తక్కువైతే పాత స్క్రూ పైకి పొడుచుకొచ్చి బోల్ట్ లగ్‌కి తగులుతుంది, అదీ ఇలాంటి పట్టే.

మౌజర్‌మామ
ట్రిగ్గర్ కూడా ఒకసారి. సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా పిన్‌ని ఆపి ఉంచే ముక్క) పూర్తిగా కిందికి దిగకపోతే కాకింగ్ పీస్ దాని మీద రాసుకుంటూ వెళ్తుంది. ట్రిగ్గర్ ప్రయాణం మరీ తగ్గించి సెట్ చేసినవాటిలో చూశాను. యాక్షన్ ఎలాగూ స్టాక్‌లోంచి బయట ఉంది కాబట్టి పక్కనుంచి టార్చ్ వేసి చూడొచ్చు.

నల్లబోల్టు
స్క్రూ బానే ఉంది, సియర్ బానే దిగుతోంది. స్టాక్ గాడి సరిచేసి రేంజ్‌కి వెళ్లొచ్చా. మిలిటరీ ఫ్యాక్టరీ తూటాలు అన్నీ పేలాయి. ఒక్కటి కూడా ఆగలేదు. సొట్టలు కూడా ఇప్పుడు చక్కగా లోతుగా ఉన్నాయి. @పాతపనిమంతుడు గారూ, నమస్కారం పెట్టుకోవాలి మీకు.

అయితే నా రీలోడ్‌లలో కొన్ని మాత్రం ఇంకా మొదటి దెబ్బకి పేలడం లేదు. రెండో దెబ్బకి పేలుతున్నాయి.

మందుకొలత
నేను మొదట్లో ఏం చెప్పాను? గాజు మీద నిలబెట్టండి.

నల్లబోల్టు
నిలబెట్టాను. కొన్ని ఊగుతున్నాయి.

మందుకొలత
కేసింగ్‌లు ఎక్కడివి? మిలిటరీ తూటాలు కాల్చాక ఏరుకున్నవేనా?

నల్లబోల్టు
అవును, అవే.

మందుకొలత
దొరికింది. మిలిటరీ కేసింగ్‌లలో ప్రైమర్ ఊడిపోకుండా గుంత అంచుని లోపలికి నొక్కేస్తారు, క్రింప్ అంటారు. పాత ప్రైమర్ తీసినా ఆ నొక్కు అలాగే ఉంటుంది. కొత్త ప్రైమర్ దాన్ని రాసుకుంటూ దిగుతుంది, మధ్యలో ఆగిపోతుంది, చేతికి మాత్రం అడుగుకి తగిలినట్టే ఉంటుంది. ఆ నొక్కుని స్వేజర్‌తో వెనక్కి తోసేయాలి, లేదా రీమర్‌తో గీసేయాలి. గుంత అడుగున పేరుకున్న మసి కూడా గీకండి. ఇప్పటికే లోడ్ చేసి ఊగుతున్న తూటాల్ని మళ్లీ ప్రెస్‌లో పెట్టి ప్రైమర్ లోపలికి నొక్కుదాం అనుకోకండి. మందు, గుండు ఉండగా ప్రైమర్ మీద ఒత్తిడి పెట్టడం పిచ్చి పని. గుండు లాగేసి, మందు ఒంపేసి, మొదట్నుంచీ చెయ్యండి.

హెడ్‌స్పేస్‌హరి
సైజింగ్ డై (కాల్చిన కేసింగ్‌ని తిరిగి కొలతకి నొక్కే అచ్చు) కూడా చూసుకోండి. భుజాన్ని మరీ వెనక్కి నొక్కేస్తే ఎంత మంచి చాంబర్ అయినా ఆ కేసింగ్‌కి హెడ్‌స్పేస్ ఎక్కువైనట్టే. కాల్చిన కేసింగ్ కన్నా 0.002 అంగుళం వెనక్కి వస్తే బోల్ట్ రైఫిల్‌కి చాలు. డై అడుగు షెల్ హోల్డర్‌కి (ప్రెస్‌లో కేసింగ్‌ని పట్టుకునే ముక్క) తగిలేదాకా బిగించి వదిలేసే అలవాటు చాలామందికి ఉంది.

అదిస్ప్రింగే
అంటే స్టాకూ, క్రింపూ. స్ప్రింగ్ కాదన్నమాట. రికార్డు కోసం చెప్తున్నా, కొత్త స్ప్రింగ్ వేసి ఉంటే స్టాక్ మార్చినా ఇవన్నీ పేలేవి.

మౌజర్‌మామ
పేలేవి అల్లుడూ, అదే ప్రమాదం.

303కొత్తవాడు
దీంట్లోనే అడిగేస్తా. నాది లీ ఎన్‌ఫీల్డ్, నంబర్ 4. నాకూ టక్కే. హ్యాండిల్ పూర్తిగానే దిగుతోంది, పైన చెప్పినట్టు రంగు పూసి చూశా. తూటాలు ఫ్యాక్టరీవి. పేలకపోతే కాకింగ్ పీస్‌ని చేత్తో వెనక్కి లాగి మళ్లీ కొడుతున్నా, కొన్ని పేలుతున్నాయి.

రేంజ్‌పెద్ద
ఆ రైఫిల్లో ఉన్న సౌలభ్యం అది, బోల్ట్ తెరవకుండానే మళ్లీ కొట్టొచ్చు. అయినా 30 సెకన్లు ఆగాకే లాగండి. వెంటనే కాదు.

మౌజర్‌మామ
303కి తూటా అంచు మీద ఆగుతుంది కాబట్టి భుజం లెక్క వర్తించదు. బోల్ట్ తల విడిగా మర తిప్పి బిగించేది, దాని మీద 0 నుంచి 3 దాకా ఏదో ఒక అంకె ఉంటుంది, దాన్ని బట్టి హెడ్‌స్పేస్ మారుతుంది. వేరే రైఫిల్ బోల్ట్ తెచ్చి పెట్టి ఉంటే గేజ్ లేకుండా కాల్చొద్దు.

పాతపనిమంతుడు
ఎన్‌ఫీల్డ్‌లో పిన్ వెనక కొస కాకింగ్ పీస్‌లోకి మర తిరిగి దిగుతుంది. అది కదలకుండా ఒక చిన్న స్క్రూ పట్టుకుని ఉంటుంది. ఆ స్క్రూ వదులైతే కాల్చినకొద్దీ పిన్ తిరిగి, మొన బయటికి వచ్చే పొడవు మారిపోతుంది. కాకింగ్ పీస్ వెనక్కి తిప్పి చూడండి, ఉందా?

303కొత్తవాడు
రంధ్రం ఉంది. స్క్రూ లేదు.

పాతపనిమంతుడు
అయితే పిన్ పొడవు కొలిచి, సరిచేసి, స్క్రూ బిగించేదాకా తూటా పెట్టకండి. కొలిచిన అంకె ఇక్కడ రాయండి.